వంకర మడత

ఇంకొంచెం గట్టిగా మాట్లాడితే బాగుండును ఈ పిల్ల, వెనక బెంచీ దాకా వినపడాలి కదా, పక్కనే తనిఖీ సంఘం పెద్దావిడ మెడ ముందుకు చాచి వింటోంది, అన్ని క్లాసులుండగా అందరూ పిట్ట అని పిలిచే ఈ సన్నగొంతు ట్రైనీ క్లాసే ఎందుకు ఎంచుకుందో మహాతల్లి, అనుకుంటూ యూనివర్సిటీ టీచర్ ట్రైనింగ్ విభాగాధిపతి ఒళ్లోని ఫైలును గట్టిగా పట్టుకుంది, రెండేళ్ల క్రితం ఈ సంఘం వాళ్లే ఇలాంటి నలభై ఫైళ్లు తిరగేసి, కాగితాలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ, మీ ట్రైనీలు బడి ముఖం చూసేదెప్పుడు అని అడిగారు, గుర్తింపుకు షరతులు పెట్టి పోయారు, అంతే, సీట్లు సగం ఖాళీ, మరిది సైతం భోజనాల దగ్గర, వదినా, మీ దగ్గర ట్రైనింగ్ అయ్యామంటే ఇంటర్వ్యూలో మంచినీళ్లు కూడా ఇవ్వరటగా అన్నాడు, తనూ నవ్వింది, ఆ మాట మాత్రం మరిచిపోలేదు, ఆ కసితోనే కదా ట్రైనీలందర్నీ ఏడాది పొడుగునా బళ్లకు తోలింది, ఈసారీ కాదంటే విభాగం మూతే.

మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని పిట్ట అడుగుతోంది, నాలుగో వంతే టీచర్ అని పిల్లలంతా ఒకటే గోల, సరే మడిచి చూద్దామని కాగితం తీసింది, ఒకటి, అయ్యో, రెండో మడత వంకరగా పోయింది, ఎవరూ చూడకపోతే బాగుండును, చూడనే చూసింది ముందు వరస రెండు జడల పిల్ల, టీచర్, మీ ముక్కలు సమానంగా లేవు, క్లాసంతా కిసుక్కుమంది, పెద్దావిడ కలం కదిలింది, విభాగాధిపతికి తన ఉద్యోగంలో మొదటి ఏడాది గుర్తొచ్చింది, నల్లబల్ల మీద కూడిక తప్పని లేచి చెప్పిన పిల్ల, నోర్మూసుకుని కూర్చో అన్న తన గొంతు, ఆ పిల్ల కూర్చుంది, ఏడాదంతా మళ్లీ నోరు విప్పలేదు.

అవునమ్మా, తప్పు మడిచాను, నువ్వొచ్చి సరిగ్గా మడుస్తావా, అంటోంది పిట్ట, ఆ గొంతులో వణుకన్నదే లేదు, రెండు జడల పిల్ల వచ్చి నాలుక బయటపెట్టి మరీ మూడుగా మడిచింది, ఇంకొకతి నాలుగుగా మడిచింది, రెంటినీ పక్కపక్కన పెట్టేసరికి, ఓహో, ఎక్కువమంది పంచుకుంటే ముక్క చిన్నదైపోతుంది టీచర్ అని వాళ్లే అరిచారు.

బయట వరండాలో పెద్దావిడ, తప్పు ఒప్పుకోవడం కూడా మీరే నేర్పారా అని అడిగింది, అవునంటే సరిపోయేది, నాలుక చివరిదాకా వచ్చింది కూడా, కానీ, లేదండీ, మా పాఠాల్లో అది లేనే లేదు, ఈ పిల్లల మధ్య తిరిగి తనే నేర్చుకున్నట్టుంది అనేసింది, దానికి పెద్దావిడ, మీరు ఏడాదంతా బడిలో ఉంచారు కాబట్టే కదండీ, షరతులు ఎత్తేయమనే రాస్తున్నాను అంటూ ముందుకు నడిచింది, వెంట వెళ్లాల్సిన విభాగాధిపతి అక్కడే నిలబడిపోయింది, లోపల పిట్ట మరేదో అడుగుతోంది, పిల్లలు ఒకరి మీద ఒకరు పడి జవాబులు చెబుతున్నారు, గుర్తింపు సరే, వచ్చింది, ఇన్నేళ్లూ తాను నేర్పింది తప్పు చేయకుండా ఉండటమే, చేశాక పిల్లల ముందు ఎలా నిలబడాలో ఒక్కరికీ నేర్పలేదు, వచ్చే ఏడాది మొదటి పాఠం అదే, చెప్పేది మాత్రం తాను కాదు, పిట్ట.