ఎనిమిది రూపాయల సాపాటు

బేరం ముగిసేసరికి వేడి గారెలు కావాలన్నారు. నేను వంటింట్లో పప్పు రుబ్బుతున్నాను. నడవలో మా ఆయన తిరుపతిసామి ఒక ఫుట్‌బాల్ ఆటగాడి జీతం తేలుస్తున్నారు. కోవిల్‌పట్టిలో మాకు దూది మిల్లుంది, దానికో జట్టుంది. పోయిన ఏడు కలెక్టరు దొర పెట్టిన కప్పును విరుదునగరం వ్యాపారుల జట్టు ఎగరేసుకుపోయింది. అప్పట్నుంచీ ఈయనకు అన్నం సహించదు. ఆ జట్టులో ఆడే పొన్నయ్యనే ఇవాళ పిలిపించి చాప మీద కూర్చోబెట్టారు.

"అక్కడ నెలకు పదహారిస్తారయ్యా. ఇరవై అయితే వస్తాను," అన్నాడతను అరవంలో.

"పన్నెండు. పైన మూడుపూటలా మా ఇంట్లో సాపాటు. వారానికి రెండుసార్లు కోడికూర. రేపే వచ్చెయ్."

నా చెయ్యి రోట్లోనే ఆగిపోయింది. ఎల్లుండి షణ్ముఖుడి పండగ, కంద షష్ఠి మొదలు. ఆ ఆరు రోజులూ కళుగుమలై గుడిలో ఉపవాసం ఉంటానని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాను. ఒక ఏడు అత్తకు కాలు వాచింది, మరో ఏడు జట్టుకు వండాల్సి వచ్చింది. ఈసారి "సరే పో" అన్న నోటితోనే ఇప్పుడు కోడికూర అంటున్నారు!

గడప దగ్గరికి వచ్చి మా ఇంటి తెలుగులో ఆయన్ని మెల్లగా అడిగాను. "మామా, నేను కళుగుమలై పోవాల గదా, ఎవురు వొండేది?"

"నువ్వే. ఉండే కుండలో ఇంకో గరిటె. అదేమి బరువా? సామి యాడికీ పోడులే, వొచ్చే ఏడు చూస్తాం."

మూలనుంచి అత్త అందుకుంది. "మొగోళ్ళు మాట్లాడతా ఉంటే గడపకాడ నీకేమి పనే?"

పొన్నయ్యకు మా తెలుగు రాదు. దూలాలు చూస్తూ కూర్చున్నాడు. పరాయివాళ్ళ ముందు పెళ్ళాన్ని కసరడానికి ఈ ఇంటి భాష ఎంత సౌకర్యమో!

"సాపాటు జీతమెలా అవుతుందయ్యా?" అన్నాడతను.

ఈయన నవ్వారు. "ఈ సాపాటుకు హోటల్లో నెలకు ఎనిమిది గుంజుతారు. మా ఇంటిదాని చేతివంట ఇంకెక్కడైనా దొరుకుతుందా? పన్నెండూ ఎనిమిదీ ఇరవై. నువ్వడిగిందే ఇచ్చాను!"

ఎనిమిది రూపాయలు! ఇన్నేళ్ళుగా వీళ్ళ లెక్కలో నేను ఈ ఇంట్లో ఊరికే కూర్చుని తినేదాన్ని. మిల్లు గుమస్తాలకు, జట్టుకు, వచ్చేపోయే చుట్టాలకు వండిపోసినా అది పనిలో జమ కాలేదు. బేరంలో తక్కువ పడేసరికి మాత్రం దానికి ధర పుట్టింది. మొగుడి మాట మీరకూడదనే నేనూ విన్నాను, నమ్మాను. కానీ షణ్ముఖా, నా చేతిలోదాన్ని నన్నడక్కుండా తీసి ఇచ్చెయ్యడం ఏ ధర్మం? ఆ మాట అడిగితే పాపమా?

చేతి పిండి కొంగుకు తుడుచుకుని గడప దాటాను.

"లోపలికి పోవే!" అన్నారాయన తెలుగులో.

నేను అరవంలోనే చెప్పాను. "తమ్ముడూ, అయ్య ఇచ్చింది పన్నెండే. ఆ ఎనిమిదీ నావి. నేనివ్వలేదు."