వదిన రొట్టె

మా చర్చి సంఘంలో నన్ను టేపక్క అంటారు. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కాబట్టి అని పైకి చెబుతారు. అసలు కారణం నాకూ తెలుసు. ఎవరి జాకెట్టు చేతులు ఎంత పొట్టి, ఎవరి ముసుగు ఎంత పల్చన అని గుమ్మంలోనే కళ్లతో కొలిచేసేదాన్ని. నా మిషను మీద మాత్రం వీపంతా కనబడే గౌన్లు డజన్లకొద్దీ కుట్టాను. కుట్టడం పాపం కాదు, తొడుక్కోవడమే పాపం అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఊరి సంగతెందుకు, సొంత వదినే మిగల్లేదు.

నన్ను చెయ్యి పట్టుకుని ఆ సంఘానికి తీసుకొచ్చింది వదినే. అన్నయ్య పోయాక కళ్లద్దాల షాపులో కౌంటరు దగ్గర నిలబడి బతుకు లాక్కొచ్చింది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో అందరం విరిచి పంచుకునే సంస్కారానికి, పులియని రొట్టె కాల్చేది కూడా ఆమే. ముందురోజు స్నానం చేసి, ముసుగు వేసుకుని, ప్రార్థన చేసుకుంటూ పిండి కలిపేది. ఆ సమయంలో ఎవరు పిలిచినా పలికేది కాదు. పదిహేనేళ్లలో ఒక్క నెల తప్పలేదు.

అలాంటి వదిన ఒక ఆదివారం జుట్టుకు నల్లరంగు వేసుకుని వచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడిచ్చిన తెల్లజుట్టును దాచడమంటే అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుని తిరగడమేనని మా పెద్దలు నేర్పారు. ఆరాధన అయ్యీ అవగానే చెప్పుల దగ్గర పట్టుకున్నాను.

"ఏంటి వదినా ఈ అవతారం? షాపువాళ్లు వేసుకోమన్నారా?"

"లేదమ్మాయ్. వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకే బాగుందనిపించింది."

"షాపువాళ్లు అన్నారని చెప్పు. సంఘంలో నేను సర్దిచెబుతాను."

"అనని మాట అన్నారని ఎందుకు చెప్పాలి? నా వెంట్రుకలు లెక్కపెట్టుకున్న దేవుడే ఊరుకున్నాడు, మధ్యలో నీకెందుకే బాధ?" అని నవ్వింది.

ఆ నవ్వే నన్ను రెచ్చగొట్టింది. ఏడ్చి ఉంటే వదిలేసేదాన్నేమో. స్త్రీల కూటంలో లేచి, రంగు అంటిన చేత్తో కలిపిన రొట్టె బల్ల మీదికి రాకూడదన్నాను. అంతే, గదిలో రెండు పక్షాలు తేలాయి. రంగు తప్పు కాదన్నవాళ్లు కిటికీవైపు, తప్పన్నవాళ్లు తలుపువైపు. అప్పటిదాకా ఒకే పాటల పుస్తకంలో ఇద్దరిద్దరు చూసి పాడినవాళ్లు ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పాస్టరయ్యగారు మెత్తని మనిషి. "ఇది రక్షణకు సంబంధించింది కాదమ్మా, ఎవరి మనస్సాక్షి వాళ్లది" అని రెండుసార్లు చెప్పి చూశారు. నేను వింటేనా? చివరికి సంఘం చీలిపోతుందని భయపడి, కొన్నాళ్లు రొట్టె కాల్చడం ఆపమని వదినకు చెప్పారు.

వదిన పోట్లాడలేదు. "నా రొట్టె పనికిరానప్పుడు నా నోరు మాత్రం ఎలా పనికొస్తుందండీ" అని ఆ నెల నుంచి బల్ల తీసుకోవడమే మానేసింది. సంఘానికి రావడం మాత్రం మానలేదు. వెనక గోడ దగ్గర చాప మీద కూర్చునేది.

రొట్టె పని నా మీద పడింది. విరిచేటప్పుడు అయ్యగారి చేతులు వణికేవి. భక్తితో కాదు, చెక్కలాంటి నా రొట్టెకు బలం చాలక. అయినా ఎవరూ నోరు మెదపలేదు, నా నోటికి భయపడి.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రొట్టె విరిచే ముందు అయ్యగారు, "ఎవరితోనైనా మనస్పర్ధ ఉన్నవాళ్లు ఇప్పుడే వెళ్లి సమాధానపడండి" అని కాసేపు ఆగుతారు. జనం లేచి అటూ ఇటూ వెళ్లి చేతులు పట్టుకుంటారు. మూడేళ్లపాటు నెలనెలా నేను కళ్లు మూసుకుని నన్ను నేను పరీక్షించుకున్నాను. నాకు వదిన మీద పగ లేదు. పాపం మీద కోపం, అంతే. తప్పు చేసింది ఆమె, రావాల్సింది ఆమె. అలా నిబ్బరంగా రొట్టె తీసుకునేదాన్ని. ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగాను. వదిన నావైపే చూస్తోంది. లేవడానికి మోకాలు ఎత్తాను కూడా. ఇంతలో ఎవరో తాళాలు మోగించి పాట ఎత్తుకున్నారు. ముసుగు సర్దుకోవడానికి కదిలినట్టు నటించి మళ్లీ కూర్చున్నాను. అది తలుచుకుని ఇప్పుడు ఎంత ఏడుస్తున్నానో నాకే తెలుసు.

ఒకరోజు వదిన షాపులో నిలబడినచోటే పడిపోయింది. పక్షవాతం. ఎడమవైపు మొత్తం పోయింది. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం బల్ల ముగిశాక, అయ్యగారు ఒక రొట్టె ముక్కను తెల్లగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. మంచాన పడ్డవాళ్లకు ఎప్పుడూ ఆయనే తీసుకెళతారు.

"మీరు రారా అయ్యగారూ?"

"రాను. నువ్వే వెళ్లు" అన్నారు. ఆ మెత్తని మనిషి గొంతులో అంత కరుకు నేనెప్పుడూ వినలేదు.

దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆస్పత్రి గదిలో అడుగుపెట్టాక ఒక్కటీ మిగల్లేదు. వదిన ముక్కులోకి గొట్టం వేశారు. పాపిట దగ్గర జుట్టు గోరంత మేర తెల్లబడి ఉంది. మూడేళ్లుగా నేను పట్టుబట్టింది ఆ తెలుపు కోసమే. తీరా కనబడితే చూడలేకపోయాను.

"వదినా, తప్పు నాది. నీకు బల్ల తెచ్చాను" అంటూ గుడ్డ విప్పాను.

నర్సు వచ్చి అడ్డుపడింది. "నోట్లో ఏమీ పెట్టకండమ్మా. ఆమె మింగే స్థితిలో లేదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

"చిటికెడే. పెదవికి తాకిస్తాను."

"చిటికెడైనా వద్దు."

వదిన వంకరపోయిన నోటితో ఒక్కో మాటా కూడదీసుకుంది. "నీ రొట్టె అని... డాక్టరుకి... తెలిసిపోయినట్టుంది."

నర్సుకు అర్థం కాలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"నా మీద కోపం లేదా వదినా?"

"లేదు." గుక్క తిప్పుకుని మళ్లీ అంది. "ఆకలేసేది. వెనక కూర్చుంటే... మీరంతా తింటుంటే."

రొట్టెను మళ్లీ గుడ్డలో చుట్టాను. ఆమె నిద్రపోయేదాకా ఆ బాగున్న కుడిచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ గొట్టం తీసే అవసరం మళ్లీ రాలేదు. అక్కణ్నుంచి పదకొండో రోజున దానితోనే పోయింది.

విరిచిన రొట్టెను మేము మిగల్చం, ఆ రోజే తినేయాలి. అందుకే ఆరోజు వదిన నిద్రపోయాక, వార్డు బయట బెంచీ మీద కూర్చుని దాన్ని నేనే తిన్నాను. తిరిగి సంఘానికి వెళ్లేసరికి అయ్యగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"మీ వదిన తీసుకుందా అమ్మా?"

"లేదయ్యగారూ. ఆమె వంతు నేనే తిన్నాను. మూడేళ్ల నుంచీ నేను తింటున్నది అదే."