టోకెన్ నంబరు

ఆ ఉదయం నా చేతిలో ఉన్నవి ఇవి. నా పేరు మీది ఖాతాలో రెండు లక్షల అరవై వేలు. షెడ్డులో గింజ తీసి బస్తాలకెత్తిన చింతపండు, ఒక లారీకి సరిపడా. పొయ్యి మీద ఉడుకుతున్న రాగి సంగటి. బిల్లు కొట్టనని మొరాయించిన ప్రింటరు. మొదటి రెండింటికీ లెక్క నేను రాసుకుంటాను. సంగటికి మా ఇంట్లో ఎవరూ లెక్క రాయరు.

పుంగనూరులో చింతపండు వ్యాపారం మాది. మాది అంటే, బోర్డు మీద మా ఆయన లోకనాథ్ పేరు ఉంటుంది, చెట్ల కింద తిరిగేది నేను. చెట్టును గుత్తకు తీసుకునే ముందు కొమ్మల్లోకి చూసి ఎన్ని బస్తాల కాయ రాలుతుందో చెబుతాను. ఏడేళ్ళలో ఒక బస్తాకు మించి తప్పలేదు. అంత కన్ను ఉండి కూడా ఫోనులో ఒక గొంతుకు పడిపోయాను. చెప్పుకోవడానికి మొదట్లో సిగ్గుగా ఉండేది.

లారీ కుప్పం వెళ్ళాలి. బిల్లు లేకుండా డ్రైవరు కదలడు. మా ఆయనకు చెబితే పేపరు దించకుండానే, "దాని నెత్తిన ఒకటి కొట్టు, అదే పలుకుతాది" అన్నాడు. మా అత్త బయ్యమ్మ నడవలోంచి, "సంగటి అడుగంటుతాండాది, యాడ ఉండావే?" అని కేకేసింది. ఒక చేత్తో సంగటి కెలుకుతూ, ఇంకో చేత్తో ప్రింటరు కంపెనీ నంబరు కోసం ఫోనులో వెతికాను. మొదట కనబడిన నంబరుకే చేశాను.

"నమస్తే మేడమ్. కంగారు పడకండి. ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పండి" అన్నాడు అవతలి మనిషి.

సగం అక్కడే పడిపోయాను. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నన్ను మొదట్నుంచి చెప్పమన్నవాళ్ళు ఎవరున్నారు? నేను చెబుతుంటే అతను అడ్డం రాలేదు. ఒక యాప్ దించుకోమంటే దించుకున్నాను. తర్వాత, "మీకొక టోకెన్ నంబరు వచ్చి ఉంటుంది మేడమ్, చదవండి" అన్నాడు.

ఓటీపీ అని అడిగి ఉంటే చచ్చినా చెప్పేదాన్ని కాదు. కానీ మా వ్యాపారంలో టోకెన్ అంటే కాటా చీటీ మీది అంకె. లారీ తూకం కాగానే ఆ అంకెను కుప్పంలో మా సరుకు కొనే దేవప్పకు ఫోనులో చదవాలి. ఏడేళ్ళుగా చేస్తున్న పని. టోకెన్ అన్న మాట వినబడితే నా నోరు దానంతటదే చదువుతుంది. చదివింది. ఆరు అంకెలు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఆరు.

వెంటనే బ్యాంకు మెసేజీలు వచ్చాయి. లక్షా ఎనభై వేలు పోయాయి. సంగటి మాత్రం అడుగంటలేదు.

ఫోను ఆపేశాను. షెడ్డులో చింతపండు కొట్టే రెడ్డెమ్మ ఫోను తీసుకుని సైబర్ మోసాల నంబరు 1930కి చేసి, వాళ్ళు చెప్పిన ఫిర్యాదు నంబరు అరచేతిలో రాసుకున్నాను. బిల్లు చేత్తోనే రాసి లారీని పంపాను. ఆ పని ముందే చేసి ఉంటే సరిపోయేది. మదనపల్లెలో ఉన్న మా బ్యాంకుకు బస్సెక్కాను. బస్సులో ఏడవలేదు. ఏడవడానికి సీటు దొరకలేదు. "తొందరగా వచ్చారమ్మా. అవతలి ఖాతాలో ఇంకా కొంత ఉంది, ఆపారు" అన్నాడు మేనేజరు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.

"ఫోను ఇట్లియ్యి. రేపట్నుంచి బ్యాంకు, లెక్కలు మా తమ్ముడు మధుసూదన్ సూసుకుంటాడు. నీకు యాల ఇవన్నీ?"

"నేనప్పుడే జెప్తి" అంది బయ్యమ్మ వెనకనుంచి.

ఆ చేతినే చూశాను. మూడేళ్ళ కిందట లారీకి టార్పాలిన్ పట్ట కట్టకుండా సరుకు పంపింది ఆ చెయ్యే. దారిలో వాన పడి రెండు లక్షల పండు బూజు పట్టింది. ఆనాడు బయ్యమ్మ కొడుక్కి దిష్టి తీసింది. "యాపారమన్నాక పోతాది, వస్తాది లేప్పా" అంది. ఆ రెండు లక్షలూ మరుసటేడు నేను చెట్ల కింద తిరిగి పూడ్చాను. ఆనాడు ఆయన ఫోను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"పట్ట కట్టనందుకు నీ లారీలు మధుసూదన్‌కు ఇచ్చినామా?" అన్నాను. "పోగొట్టింది నేను, పూడ్చేదీ నేనే." ఫోను నడుముకు దోపుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆ పూట ఎవరూ నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం తిన్నారు.

మరునాడు షెడ్డులో ఆడవాళ్ళ మధ్య కూర్చుని అంతా చెప్పాను. రెడ్డెమ్మ సుత్తి ఆపింది.

"నువ్వే పడితివంటే మేమెంతమ్మా?"

"నన్ను పడేసింది ఆ మాట రెడ్డెమ్మా. ఇంక ఈడ ఎవరూ టోకెన్ అనకూడదు. కాటా చీటీ అనాల."

"తప్పి అంటే?"

"అందరికీ టీ నువ్వే పోయాల."

"అయితే మొదటి టీ నీదేనమ్మా, ఇప్పుడే అంటివి!" అంది. అందరూ నవ్వారు. నేనే పోశాను.

తర్వాతి లారీ కాటా అయిన సాయంత్రం దేవప్ప ఫోను. "టోకెన్ ఎంత భారతమ్మా?"

"ఆ మాట మా దగ్గర లేదప్పా" అని, ఎందుకు లేదో చెప్పాను. నష్టం బయటపెట్టుకుంటే ఎదుటివాడు ధర తగ్గిస్తాడని మా ఆయన భయం. దేవప్ప పైసా తగ్గించలేదు. రెండు నెలలకు తనే చేశాడు.

"ఎవడో కంపెనీవాడంట, టోకెన్ నంబరు అడిగినాడమ్మా. మా కుప్పంలో ఆ మాట పోయి రెండు నెలలాయ అని పెట్టేస్తిని. ఖాతాలో నాలుగు లక్షలు ఉన్నింది!"

అయిదు నెలలకు లక్షా అయిదు వేలు తిరిగి వచ్చాయి. మిగతాది చెట్ల మీదే రాబట్టాను.

మొన్న ఉదయం సంగటి కెలుకుతుంటే మా ఆయన వంటింట్లోకి వచ్చాడు. ఆయన అక్కడికి రావడమే అరుదు. "సిమ్ము ఆగిపోతాదంట. ఈ నంబరుకు చేయమంటాండారు. చేద్దునా?" అని తన ఫోను నా ముందు పెట్టాడు.

"మొదట్నుంచి చెప్పు" అన్నాను. చెప్పాడు. నేను అడ్డం రాలేదు.

ఇదీ లెక్క. దొంగ తిన్నది డెబ్బై అయిదు వేలు. వాడుకలోంచి పోయింది ఒక మాట. నిలిచినవి దేవప్ప నాలుగు లక్షలు, నా నడుముకున్న నా ఫోను. ఆయన ఫోనులో ఆ దొంగ నంబరు ఇక రాకుండా ఆపి, ఆ ఫోనును ఆయన చేతికే తిరిగి ఇచ్చేశాను.