బుగ్గల్లో ఆగిన ఊపిరి

నేను ఒక నీలిరంగు ఊపిరిగొట్టాన్ని. డాక్టర్లు ఇన్‌హేలర్ అంటారు. నా యజమాని బుడేసాహెబ్ మాత్రం నన్ను ‘అది’ అనే అన్నాడు. పేరుపెట్టి పిలిస్తే జబ్బును ఒప్పుకున్నట్టవుతుందని ఆయన భయం.

నా పుట్టుకలో చెప్పుకోదగ్గ ఘనత లేదు. దుమ్ము కణం కూడా చొరని ఒక గదిలో, బొటనవేలంత లోహపు సీసాలో మందును ఒత్తిడితో నింపి మూత బిగించారు. మోచేయిలా వంగిన ప్లాస్టిక్ తొడుగులో దాన్ని నిలబెట్టారు. వీపు మీద చిన్న కిటికీ, అందులో రెండు వందల అంకె. ఒక్కసారి నొక్కితే ఒకటి తగ్గుతుంది. ఇంకెంత మిగిలిందో తెలిసి బతకడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మనుషులకు అలాంటి కిటికీ లేదు. ఉన్నా అది వీపు మీదే ఉంటుంది కనుక తాము చూసుకోలేరు, పక్కవాడు చూస్తాడు.

నేను జబ్బును నయం చేయను. బిగుసుకున్న ఊపిరిదారులను కొన్ని గంటలపాటు వదులు చేస్తాను, అంతే. దానికీ ఒక షరతు ఉంది. నన్ను లోపలికి పీల్చుకోవాలి. ఎంత ఆర్తితో నొక్కినా, పీల్చని మనిషికి నేను నోటి చేదునే అవుతాను.

పల్నాటి వైపు ఒక పట్టణపు ఆసుపత్రిలో బుడేసాహెబ్‌కు చేరాను. అది కూడా తిన్నగా జరగలేదు. ఆయన ఎక్స్‌రే గది ముందు వరుసలో కూర్చుని ఉండగా, వెంట వచ్చిన మేనల్లుడు మీరావలిని డాక్టరు లోపలికి పిలిచాడు. రెండు మందులు రాశాడు. కాషాయరంగు గొట్టాన్ని ఆయాసం ఉన్నా లేకున్నా ఉదయమూ సాయంత్రమూ వాడాలి, వాడాక నోరు పుక్కిలించాలి. నీలిరంగుది ఆయాసం వచ్చినప్పుడు. దాని అవసరం రోజురోజుకూ పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా తిరిగి రావాలి. ఒక ఖాళీ గొట్టం తీసుకుని వాడే పద్ధతి చేసి చూపించాడు, మీరావలి చేత చేయించాడు. పెద్దాయనకు మీరే దగ్గరుండి నేర్పండి అన్నాడు. మీరావలి శ్రద్ధగా తలూపాడు. నేను అతని చేతిలోనే ఉన్నాను. ఆ వేళ్లు తడబడలేదు.

బయట బల్ల మీద మేనమామకు నన్ను అందిస్తూ అతను చెప్పింది ఒక్క ముక్క.

“నోట్లో పెట్టుకొని నొక్కు మామా. అంతే.”

మిగతాది ఎందుకు చెప్పలేదని ఆ రోజు నాకు అనుమానం రాలేదు. మనుషులు దేన్నయినా సగమే చెబుతారనుకున్నాను.

బుడేసాహెబ్ నాదస్వర విద్వాంసుడు. దూదేకుల ఇంట పుట్టి, యాభై ఏళ్లుగా చుట్టుపక్కల గుళ్లలో దేవుళ్లను నిద్రలేపినవాడు. ఆయన సన్నాయి మోగకపోతే తాళి కట్టినట్టే కాదనేవారు ఆ ప్రాంతంలో. ఆయన ఘనతంతా ఒక్క విద్యలో ఉంది. దాన్ని ఊపిరి తిప్పడం అంటారు. గాలిని బుగ్గల్లో నిల్వ చేసుకుని, ఆ నిల్వతో ఊదుతూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త ఊపిరి తీసుకోవడం. అలా చేస్తే నాదం తెగదు. వినేవాడికి ఆ మనిషి అసలు ఊపిరే తీసుకోవడం లేదనిపిస్తుంది.

అలాంటి మనిషి నన్ను ఎలా వాడాడో చెప్తాను. యాభై ఏళ్లుగా ఆ పెదవుల మధ్యకు వచ్చిన ప్రతి వస్తువుకూ ఒకటే ధర్మం, అది ఊదేది. నన్ను ఇరికించుకుని నొక్కాడు. నేను దూసుకువచ్చాను. బుగ్గలు రెండూ నిండుగా పొంగి నన్ను అక్కడే పట్టి ఉంచాయి. ముక్కు తన అలవాటు ప్రకారం బయటి గాలిని లోపలికి లాక్కుంది. ఆ తర్వాత ఆయన నన్ను మెల్లగా, ఒక్క జంకు లేకుండా, బయటికి ఊదేశాడు. అంత అందంగా నన్ను ఎవరూ వృథా చేసి ఉండరు.

నోటి పొరల్లో ఇంకిన కాస్త మందుకు వేళ్లు సన్నగా వణికాయి. ఆ వణుకే మందు పనిచేయడమని ఆయన నమ్మాడు. ఎప్పుడైనా పొరపాటున ఒక పిసరు గొంతు దాటితే కొంచెం తెరిపి కలిగేది. మనిషి నమ్మకానికి ఆ పిసరు చాలు. కాషాయరంగుదాన్ని పది రోజులు చూసి, దీంతో ఏమీ తెలియడం లేదని పెట్టె అడుగున పడేశాడు. మాతోపాటు వచ్చిన కాగితం మీద చదువురానివాడికి కూడా బోధపడే బొమ్మలున్నాయి. దాన్ని సన్నాయి కొనకు తగిలించి ఊదే పీకలు చుట్టుకోవడానికి వాడాడు. పీకలు భద్రంగా ఉన్నాయి.

నన్ను మొలసంచిలో దాచేవాడు. సన్నాయి ఊదేవాడికి ఆయాసమట అన్న మాట పొక్కితే మేళాన్ని పిలిచేవాడుండడు. అంతకన్నా ముందు పెద్ద సన్నాయి పీట పోతుంది. ఆ పీట కోసమే ఆయన బతుకుతున్నాడనడం అతిశయోక్తి కాదు. అందుకే గోడవైపు తిరిగి, కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని నన్ను నొక్కేవాడు. లోకానికి కనబడకపోయినా పక్కనే కూర్చునే మీరావలికి కనబడేది.

మొదటిసారి ఆ పొంగిన బుగ్గలు చూసినప్పుడు మీరావలి నోరు తెరుచుకుంది. మాట పెదవి దాకా వచ్చింది. తర్వాత నోరు మూసుకుంది. ఆ తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ మధ్య జరిగినదాన్ని గురించే నేను చాలాకాలం ఆలోచించాను. చెప్పకపోవడం అనేది ఎన్నో రోజున ‘చేయడం’ అవుతుంది? మొదటి రోజు అది మరుపు కావచ్చు, మొహమాటం కావచ్చు. నలభయ్యో రోజు ఆ పేర్లేవీ దానికి నప్పవు.

“మందు పట్టిందా మామా?” అని అడిగేవాడు, ఎంతో ఆప్యాయంగా.

“పట్టకేం. వేళ్లు చూడరా, ఎట్టా ఆడుతున్నాయో.”

“మంచిది మామా. నొక్కుతా ఉండు.”

నా అంకె వేగంగా దిగసాగింది. రోజుకు రెండు, తర్వాత నాలుగు, ఆ తర్వాత ఎనిమిది. అలా పెరగడమే పెద్ద ప్రమాదసూచన అని తెలిసిన మనిషి చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. అతను నా వీపు మీది కిటికీని ఓరగా చూసి తల తిప్పుకునేవాడు.

నేను రాకముందు సంగతులు డోలు వాయించే అంకయ్య నోట విన్నాను. మీరావలి పదకొండేళ్లుగా మామ పక్కన రెండో సన్నాయి. రాగాలు నేర్చాడు, కీర్తనలు నేర్చాడు. ఊపిరి తిప్పడం మాత్రం బుడేసాహెబ్ నేర్పలేదు. ఆ ఘట్టం రాగానే కండువా పైకి లాగి బుగ్గలు కప్పేసుకునేవాడట. ఒకసారి పదిమంది విద్వాంసుల ముందు మీరావలి కాళ్లు పట్టుకుని అడిగితే, చేప పిల్లకు ఈత ఎవురు నేర్పార్రా, రక్తంలో ఉంటే వస్తది, నీకు రాలేదంటే మా చెల్లెలు నిన్ను ఏ సంతలోనో తెచ్చుకుందేమో అన్నాడట. పదిమందీ నవ్వారట. ఈ మాట చెబుతూ అంకయ్య కూడా నవ్వాడు.

మీరావలి చెవులతో దొంగిలించి ఆ విద్యను సాధించాడు. అయితే కళ్లతో చూడనిది కావడంతో తప్పుగా సాధించాడు. గాలిని బుగ్గల్లో కాక గొంతులో బిగబట్టి తోసేవాడు. వాయించినంతసేపూ మెడనరాలు తాళ్లలా లేచేవి. దిగాక ఉమ్మితే ఎర్రటి చార కనిపించేది. నేను వచ్చాక ఒకరోజు బుడేసాహెబ్ ఆ చారను చూశాడు. చూసి, కండువాతో ముఖం తుడుచుకుని, కిళ్లీ తెప్పించుకున్నాడు. ఆ సాయంత్రం అంకయ్యతో అన్నాడు.

“గొంతుతో ఊదుతున్నాడు వాడు. పెద్ద సన్నాయి మోస్తే ఏడాదిలో గొంతు తెగుద్ది. పక్కన కూర్చుంటే ఇంకో రెండేళ్లు లాగుతాడేమో.”

“చెప్పగూడదా సాయిబూ, పిల్లోడికి?”

“చెప్తే నా పీట మీద కూర్చుంటాడు.”

నేను మొలసంచిలో ఉండి విన్నాను. అంతవరకూ ఆయన మీద జాలి ఒక్కటే ఉండేది నాకు. ఆ రోజునుంచి జాలి ఎవరి మీద పడాలో తేల్చుకోలేకపోయాను. ప్రాణం లేని వస్తువుకు జాలి ఎందుకని అడగవచ్చు. ప్రాణం ఉన్నవాళ్ల దగ్గర అది నాకు కనబడలేదు, అందుకని.

మాఘమాసంలో ఒక పెళ్లి. పట్టపగటి ముహూర్తం. కల్యాణమండపంలో హోమం పొగ, సాంబ్రాణి, జనం ఒంటిమీది సెంట్లు అన్నీ కలిసి గాలి గట్టిపడింది. జీలకర్ర బెల్లం వేళకే బుడేసాహెబ్ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. బుడేసాహెబ్ సన్నాయి ఎత్తాడు. గాలి రాలేదు. ఊదడానికి కాదు, బతకడానికే రాలేదు. అదే స్వరాన్ని, అదే మాత్రలో, మీరావలి సన్నాయి అందుకుంది. అంత సిద్ధంగా ఉన్నవాడు ఆ క్షణం కోసం ఎన్నాళ్లుగా చెవి ఒగ్గి కూర్చున్నాడో. అంకయ్య డోలు ఉరిమింది. అక్షింతలు పడ్డాయి. పెద్ద సన్నాయి ఆగిపోయిందని ఒక్కరికీ తెలియలేదు.

ఆయన సన్నాయిని చంకలో ఇరికించుకుని, గోడ పట్టుకుని వెనుక చేతులు కడిగే కుళాయిల దగ్గరికి నడిచి బల్ల మీద కూలబడ్డాడు. నా కిటికీలో పదకొండు ఉంది. నొక్కాడు, బుగ్గలు పొంగాయి. మళ్లీ నొక్కాడు. ఆరుసార్లు. ఆరుసార్లూ నేను ఆయన బుగ్గల్లో తిరిగి బయటికొచ్చాను. పెదవులు నా రంగుకు తిరుగుతున్నాయి. ఇంకా మందు ఉండి, రెండు జానల దూరంలో చచ్చిపోతున్న ఊపిరితిత్తులను చేరలేకపోవడం ఎలాంటిదో నేను వర్ణించలేను.

పెళ్లికూతురి తరఫు బంధువు రూతు చేతులు కడుక్కోవడానికి అటు వచ్చింది. ఆమె ఒక ఆసుపత్రిలో నర్సు. ఒక్క చూపుకే విషయం గ్రహించి నన్ను లాక్కుంది.

“బాబాయ్, బుగ్గల్లో కాదు. ఇటు చూడండి. ముందు ఉన్న గాలి వదిలేయండి.”

నన్ను బాగా కుదిపింది. వీపు నిటారుగా పెట్టి కూర్చోబెట్టింది. పెదవులు బిగించమని, తాను నొక్కుతుండగా నోటితో మెల్లగా, లోతుగా పీల్చమని చెప్పింది. మొదటిసారి మళ్లీ బుగ్గలు పొంగాయి. నాలుగు మిగిలాయి. ఈసారి ఆమె ఒక చేత్తో ఆయన చెంపలు రెండూ అదిమిపట్టింది. యాభై ఏళ్ల విద్య ఆ వేళ్ల కింద పెనుగులాడి లొంగింది. నేను లోపలికి వెళ్లాను.

నన్ను దేనికోసం చేశారో అప్పుడు చూశాను. ఇరుకైన చీకటి సందులు, వాచిన గోడలు. తాకగానే ఒక్కొక్కటీ వదులైంది. రూతు పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టించింది. నిమిషం ఆగి, కుదిపి, ఇంకోసారి. ఆపైన మరోసారి. పెదవులకు మనిషి రంగు వచ్చింది.

ఎవరూ చూపించలేదా అని ఆమె అడిగింది. ఆయన నన్ను ఆమె చేతిలోంచి తిరిగి తీసుకున్నాడు. ఇది తాత్కాలికమేననీ, ఇప్పుడే ఆసుపత్రికి పోవాలనీ, తనూ తోడు వస్తాననీ చెప్పి ఆటో కోసం వెళ్లింది.

అప్పుడు మీరావలి వచ్చాడు. కుళాయి దగ్గర ఉమ్మాడు. ఎర్రగా, ఈసారి చార కాదు. తిరిగి చూస్తే మామ కూర్చుని ఉన్నాడు, బుగ్గలు లోపలికి పోయి, ఛాతీ తేలిగ్గా ఆడుతూ. ఇద్దరికీ అర్థమైంది.

“డాక్టరు నీకు చూపిచ్చాడా?” అన్నాడు బుడేసాహెబ్.

“చూపిచ్చాడు.”

“లోపలికి పీల్చాలని?”

“ఆ.”

“రెండు నెలలు నా పక్కనే కూర్చున్నావు గదరా.”

“పదకొండేళ్లు నీ పక్కన కూర్చున్నా మామా. ఊపిరి సంగతి ఒక్కనాడన్నా చెప్పావా? నీ దగ్గర ఏం నేర్చుకున్నానో అదే చేశా.” ఆ తర్వాత గొంతు దిగిపోయింది. బల్ల ముందు గొంతుక్కూర్చుని మెడ పట్టుకున్నాడు. “ఇప్పుడన్నా చెప్పు. లోపల ఏదో తెగుతాంది. తప్పు ఏడుందో నీకు తెలుసు.”

గొంతుతో కాదు, బుగ్గతో. మూడు మాటలు. నేను ఆయన పిడికిట్లో ఉన్నాను. ఆ మూడు మాటలూ ఛాతీలోంచి లేచి నాలుక దాకా రావడం నాకు తెలిసింది. వాటికి సరిపడా ఊపిరి ఆయనకు ఉంది. ఉందని నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

లోపల తలంబ్రాల పాటకు మేళాన్ని పిలుస్తున్నారు. బుడేసాహెబ్ తన సన్నాయిని ఒళ్లోంచి తీసి, రెండు చేతులతో మేనల్లుడికి అందించాడు.

“ఇదిగో, ఇది ఉంచుకో. ఇయ్యాల్టి నుంచి పెద్ద సన్నాయి నువ్వే. నీ ఊదుడులో తప్పేం లేదు. ఈ ముహూర్తాల్లో ఒక్క పెళ్లి కూడా వదలమాక.”

మీరావలి కళ్లలో నీళ్లు తిరిగాయి. క్షమించాడనుకున్నాడు. మామ పాదాలకు నుదురు ఆనించి, సన్నాయిని గుండెలకు హత్తుకుని లోపలికి పరుగెత్తాడు.

ఆసుపత్రిలో బుడేసాహెబ్‌కు కొత్త గొట్టం ఇచ్చారు. వాడే పద్ధతి ఆయన చేతనే పదేపదే చేయించారు. కాషాయరంగుది రెండు పూటలా వాడుతున్నాననీ, పుక్కిలిస్తున్నాననీ, నిద్ర బాగా పడుతోందనీ ఆయన డాక్టరుకు చెబుతుండగా విన్నాను. ఆ మంచం పక్క చెత్తబుట్టలో, సూదులు తీసేసిన గొట్టాల మధ్య, నేను ఇంకా ఉన్నాను. ఊపిరి ఇవ్వడమే నా పని, దానితో ఏం చేస్తారని అడగడం కాదని నన్ను నేను సమాధానపరచుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. నా జన్మలో నేను సరిగ్గా లోపలికి వెళ్లింది మూడుసార్లు. ఆ మూడు ఊపిరులనూ ఆయన పెళ్లి మండపం వెనుక, మేనల్లుడితో తప్పేం లేదన్న ఆ మాట చెప్పడానికి ఖర్చుపెట్టాడు.