భీమడోలు దాకా కథ

గోనెసంచి మూతిలోంచి దబ్బనం లాగుతూనే ఇలియాస్ పుష్పమ్మను ఎలా ఒడ్డుకు చేర్చాలా అని ఆలోచిస్తున్నాడు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో సంచులు కుట్టడం అతని పని. వయసు యాభై దాటింది. పురికొస రాపిడికి చూపుడువేలు కాయ కాచి గట్టిపడిపోయింది. ఉల్లి ఘాటుకు కళ్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కాబట్టి ఈయన ఏడుస్తున్నాడో లేదో ఎవరూ పట్టించుకోరు.

పుష్పమ్మ అతను రాస్తున్న నవలలో మనిషి. కొల్లేటి వరదలోకి ఒంటరిగా దోనె వేసుకుని పోయింది. మూడేళ్లుగా రాస్తున్నాడు. మహానుభావుడికి రోజుకు అరపేజీ సాగితే పండగే. ఆ అరపేజీ కూడా రూబెన్ పుణ్యమే.

రూబెన్ అదే ఊళ్లో ఓ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. ముప్పై ఏళ్లుంటాయి. సాయంత్రం ఏలూరు వెళ్లే ప్యాసింజర్‌లో ఇలియాస్ ఎదురుగా కూర్చుంటాడు. ఆ రోజు తెల్లవారకముందు రాసింది ఇలియాస్ అతనికి చెబుతాడు. రూబెన్ భీమడోలులో దిగిపోతాడు గనక, బండి సరిగ్గా అక్కడికొచ్చేసరికే పుష్పమ్మ ఆపదలో పడేలా ఇలియాస్ రాసుకుంటాడు. తర్వాతేమైందండీ అంటూ రూబెన్ దిగుతాడు. ఆ ప్రశ్నే ఇలియాస్‌ను మర్నాడు చీకటితోనే లేపుతుంది. ముచ్చటపడి అడిగాడు కదా అని ఓసారి ఇంకా రాయని కథంతా, చివరిదాకా, చెప్పేశాడు కూడా.

మధ్యాహ్నం కాటా దగ్గర గుమాస్తా ప్రీతి ఫోన్ పట్టుకుని ముక్కు తుడుచుకుంటోంది. రోజూ వినే ఆడియో సీరియల్ అయిపోయిందట.

"పాపం, పుష్పమ్మ నీళ్లలో పోయిందండీ," అంది.

ఫోన్‌లో గొంతు రూబెన్‌ది. రచయిత పేరూ అతనిదే. దోనె, తెగిన తాడు, ఆమె పాడుకునే జోల, అన్నీ ఇలియాస్‌వి. చావు మాత్రం కాదు.

సాయంత్రం దాకా సంచులు కుట్టాడు. ఒక్క కుట్టూ తప్పలేదు. అది చూసుకుంటే అతనికే అసహ్యం వేసింది.

రైల్లోకి రూబెన్ పూతరేకుల డబ్బాతో వచ్చాడు. సీరియల్ బాగా పోయిందని దాచకుండానే చెప్పాడు. పేరు సంగతి తర్వాత చూసుకుందామన్నాడు.

"పేరెందుకు బాబూ నాకు. పుష్పమ్మ ఒడ్డుకు రావాలని నీకు చెప్పాను కదా."

"మీరెప్పటికి రాస్తారండీ? వినేవాళ్లు ఆగరు కదా. చంపేస్తే అందరూ బాగా ఏడ్చారండీ."

ఇలియాస్‌కు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఈ కుర్రాడు తన కథ మీద ప్రేమతో అడుగుతున్నాడనుకున్నాడు. సరుకు కోసం అడిగాడన్నమాట. నమ్మి నోరు విప్పినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఇక పుష్పమ్మ బతికొచ్చిందని రాస్తే ఎవరు నమ్ముతారు? రేపు చీకటితో లేచి చేసే పనేముంది?

భీమడోలులో రూబెన్ లేచాడు. తర్వాతేమైందని అడగలేదు. వస్తానండీ అని తలుపు వైపు నడిచాడు, దిగి జనంలో కలిసిపోయాడు.

బండి కదిలింది. ఎదుటి సీటు మీద రూబెన్ వదిలిపోయిన పూతరేకుల డబ్బా మూత తీసి ఉంది. రేకుల మీద కప్పిన కాగితం కిటికీ గాలికి లేచి పడుతోంది.