గట్టు వెంట నడిచిన తల్లి

మా కథల గదిలో పురాణాల పేర్లు ఎవరూ పలకరు. పలికితే నిర్మాత బెదిరిపోతాడు. "ఈ కాలంలో పురాణాలు ఎవరు చూస్తారండీ" అని మొహం మాడ్చుకుంటాడు. అందుకని ముద్దుపేర్లు వాడుకుంటాం, అవి నేను చిన్నప్పటినుంచీ విన్న పేర్లే. మొగుడు పెళ్లాన్ని మరిచిపోయేది ఉంగరం కథ. ఉన్నదంతా ఒడ్డి ఓడిపోయేది జూదం కథ. కన్నబిడ్డను పెట్టెలో పెట్టి ఏట్లో వదిలేసేది పెట్టె కథ. ఉంగరాన్ని సెల్‌ఫోన్ చేసి, శాపాన్ని కారు ప్రమాదం చేసి వినిపిస్తే ఆ పెద్దమనిషే కళ్లు తుడుచుకుని "ఎంత కొత్తగా ఉందండీ!" అంటాడు. మేం నంగనాచుల్లా తలలు వంచుకుంటాం.

ఈసారి మా చేతికి వచ్చింది పెట్టె కథ. ఏటి బదులు రైలు పెట్టుకున్నాం. పెళ్లికాని పిల్ల ఒకతె తన పసిబిడ్డను రైల్లో సీటు మీద పడుకోబెట్టి దిగిపోతుంది. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, తెలియక సొంత తమ్ముళ్ల మీదికే పోట్లాటకు వస్తాడు. మొదటి సీను రాసే పని నాకు అప్పగించారు. నేను రాసింది ఇది: రైలు కదులుతుంది. తల్లి ప్లాట్‌ఫారం మీద దాని వెంటే నడుస్తుంది, తరవాత పరుగెడుతుంది. లోపల ఎవరో బిడ్డను ఎత్తుకోవడం కిటికీలోంచి చూశాకే ఆగుతుంది.

"ఈ నడక ఎక్కణ్ణించి తెచ్చారు?" అని అడిగాడు దర్శకుడు.

"అసలు కథలో ఉన్నదే కదండీ. పెట్టె కొట్టుకుపోతుంటే తల్లి గట్టు వెంట నడుస్తుంది. ఎవరో తీసుకునేదాకా చూసి గానీ ఇంటికి వెళ్లదు."

గదిలో అందరూ మొహాలు చూసుకున్నారు. మాటల రచయిత నెమ్మదస్తుడు, నన్ను నొప్పించకుండా చెప్పాలని చూశాడు. "లేదమ్మా, ఏ కథలోనూ నేను చదవలేదు. మూత పెట్టింది, ఏడ్చింది, వెళ్లిపోయింది. అంతే" అన్నాడు.

"తీసెయ్యండి. తల్లి అలా నడిస్తే జనం జాలిపడతారు. అప్పుడిక కొడుకు కోపానికి విలువేముంటుంది?" అన్నాడు దర్శకుడు.

న్యాయంగా చూస్తే అతను చెప్పింది సబబే. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. "నడక తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి" అని విసురుగా లేచి బయటికొచ్చాను. ఒక సీను కోసం అంత రభస ఏమిటని వాళ్లు అనుకుని ఉంటారు. వాళ్లకేం తెలుసు?

పెట్టెలో బిడ్డను నేనే. ఇందులో రహస్యం ఏమీ లేదు, మా ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దమ్మకు నేను నాలుగోదాన్ని. పిల్లలు లేని చెల్లెలికి నన్ను ఇచ్చేసింది. ఆ చెల్లెలే మా అమ్మ. రెండిళ్లకీ మధ్య ఒకే ఒక్క సందు మలుపు. పెద్దమ్మ ఇంటి ముందుగదిలోనే దుకాణం పెట్టి బట్టలు కుట్టేది. అమ్మ ఇంటిపని తెముల్చుకుని వెళ్లి గుండీలు కుట్టిపెట్టేది. ఆదివారం వస్తే దుకాణం మూసి ముగ్గురం మ్యాట్నీకి పోయేవాళ్లం. నేను ఎప్పుడూ మధ్య సీట్లోనే.

తెర మీద హీరో మోటారుసైకిల్ మీద వచ్చి పదిమందిని చితక్కొడుతుంటే పెద్దమ్మ నా చెవిలో గుసగుసలాడేది. "ఇది జూదం కథేనే. ప్యాంటూ చొక్కా తొడిగారంతే." సినిమా అయ్యాక దుకాణంలో గుడ్డలు కత్తిరించే బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, చూసిన సినిమా లోపల దాక్కున్న పాత కథ ఏదో చెప్పేది. సుద్దముక్కల వాసన, కుట్టుమిషన్‌కు పోసిన నూనె వాసన, కాళ్ల కింద రంగురంగుల పీలికలు. ఎన్ని కథలు రాసినా ఆ బల్ల మీద కూర్చున్నప్పటి సుఖం నాకు మళ్లీ దొరకలేదు. నేనివాళ తింటున్న తిండి ఆ బల్ల పెట్టిందే.

అన్నిట్లోకీ నేను ఎక్కువసార్లు అడిగి చెప్పించుకున్నది పెట్టె కథ. "ఆవిడ గట్టు వెంట నడిచింది కదూ?" అనేదాన్ని. "నడిచిందే" అనేది పెద్దమ్మ, కత్తెర మీంచి చూపు తిప్పకుండా. నాకు అది చాలు. నన్ను ఇచ్చిన రోజు ఈవిడ కూడా మా వెనకాలే సందు మలుపుదాకా నడిచొచ్చి ఉంటుందని అనుకునేదాన్ని. ఎన్నడూ పైకి అడగలేదు. అడగాల్సిన అవసరమూ కనబడలేదు.

ఇప్పుడు కథలో నడక లేదంటున్నారు. అయితే పెద్దమ్మే కలిపిందన్నమాట. తాను నడిచింది కాబట్టి కలిపింది. దారి పొడుగునా ఇలా అనుకుంటూ, సగం ఏడుస్తూ ఆవిడ ఇంటికి చేరాను.

పెద్దమ్మకు చూపు తగ్గింది. మిషన్ ఇంకా గుమ్మం పక్కనే ఉంది గానీ దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకుంటోంది. అమ్మ పోయి రెండేళ్లయింది.

"పెద్దమ్మా, పెట్టె కథలో ఆ నడక నువ్వే కలిపావు కదూ?"

"నాకంత తెలివెక్కడిదే?" అని నవ్వింది. "అది మీ అమ్మ కలిపింది."

"మా అమ్మా!" అన్నాను.

"నీకా కథ మొదటిసారి చెప్పినప్పుడు, మూత పెట్టి ఇంటికెళ్లిపోయిందన్నాను. నీ మొహం ఇంత అయిపోయింది. అమ్మ అక్కడే గుండీలు కుడుతోంది. 'అదేంటక్కా, మర్చిపోయావా? గట్టెంట నడిచింది కదా' అంది. దాని మొహం చూసి, సరే, నడిచిందన్నాను. ఇంక ఎప్పుడు చెప్పినా నడిపించాల్సొచ్చింది."

"మరి నువ్వు నడిచావా? నన్నిచ్చిన రోజు?"

పెద్దమ్మ నడిచాననెయ్యొచ్చు. కాదనడానికి ఎవరూ లేరు.

"లేదే తల్లీ. తలుపేసుకుని పడుకున్నాను. ముగ్గురు పిల్లలు, బాలింత ఒళ్లు, ఎన్నాళ్లో అయింది కంటినిండా నిద్రపోయి. ఒళ్లెరక్కుండా పడుకున్నాను. లేచాక హాయిగా కూడా అనిపించింది. అది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది నాకు."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఇన్నేళ్లు పట్టుకుని వేలాడిన కొమ్మ పుటుక్కున విరిగినట్టయింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. నడిచింది మీ అమ్మ. నువ్వింకా నా కడుపులో ఉండగానే. రోజూ వచ్చేది. ఓసారి కత్తెర కావాలని, ఓసారి గిన్నె తిరిగిద్దామని. గుమ్మందాకా వచ్చేది, అడగలేక వెనక్కిపోయేది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. సందు ఆ చివర్నించి ఈ చివరికి, మళ్లీ ఆ చివరికి. చివరికి నేనే పిలిచి, 'పుట్టేదాన్ని నువ్వు పెంచుకుంటావే?' అన్నాను. అక్కడే, ఆ గడప మీదే కూలబడి ఏడ్చింది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పనిస్తేగా! 'నేను అడుక్కుంటే ఇచ్చావని దానికి తెలియొద్దక్కా. వదల్లేక వదల్లేక ఇచ్చావనే అనుకోవాలి' అంది. ఒట్టేయించుకుంది కూడా. ఇవాళ ఆ ఒట్టు గట్టున పెట్టాను. పైకి పోయాక దాంతో చీవాట్లు తింటాలే."

నేను పెద్దమ్మ ఒళ్లో తలపెట్టుకుని అమ్మ కోసం ఏడ్చాను. పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మర్నాడు కథల గదిలో నన్ను చూసి దర్శకుడు బతిమాలబోయాడు. నేనే ముందుగా, "నడక తీసేశాను. తల్లి దిగిపోతుంది, వెనక్కి తిరిగి చూడదు" అన్నాను. అతని మొహం విప్పారింది.

"కానీ రైల్లో ఇంకొకావిడ ఉంది. ఆ పిల్ల బిడ్డతో రైలెక్కినప్పటినుంచీ చూస్తోంది. సీట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. ఒకసారి నీళ్లకని లేస్తుంది, ఒకసారి కిటికీ మూయాలని లేస్తుంది. ఎత్తుకుంటానని అడగడానికి నోరు రావడం లేదు. సినిమా ఆవిడతో మొదలవుతుంది."

"అసలు కథలో పెంచినావిడకు ఇంత చోటు లేదు కదమ్మా" అన్నాడు మాటల రచయిత.

"లేదు" అన్నాను.

దర్శకుడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "బాగుంది గానీ, అప్పుడీ కథ ఎవరిదవుతుంది? కొడుకుదా, కన్నతల్లిదా?"

"మా అమ్మది" అన్నాను.