పొట్టిపన్నుకు కొక్కెం

ఇంట్లో ఆయన మామగారు, కట్టుడుపళ్ల ల్యాబులో మేస్త్రి. రెండుచోట్లా ఆయన మాటకు తిరుగులేదని అదే ల్యాబులో పనిచేసే కోడలికి పెళ్లైన వారానికే తెలిసింది.

ఈసారి మాత్రం ఆయన పనే తిరిగొచ్చింది. ఒక పాప వంకరపళ్లు సరిచేసే ప్లేటుకు ఆయన పెట్టిన తీగె కొక్కెం పన్ను మీద నిలవడం లేదని డాక్టరు రెండుసార్లు వెనక్కి పంపాడు. ఆ దవడపన్ను చిగుళ్లలోంచి సగమే బయటికొచ్చింది మరి.

"పన్నే పొట్టిది. నేనేం చెయ్యను?" అన్నాడు మేస్త్రి.

"పాప పళ్ల ప్లాస్టర్ అచ్చులో చిగుళ్ల దగ్గర కాస్త గీకుదాం మామయ్యా. చిగురు కిందే పన్ను సన్నబడేది, కొక్కేనికి అక్కడ పట్టు దొరుకుతుంది."

"అచ్చు మీద చెయ్యేశావంటే ఊరుకోను! ముప్పై ఏళ్లలో నేనెప్పుడూ గీకలేదు."

"అందుకే రెండుసార్లు వెనక్కొచ్చింది!"

ఆయన నోరు తెరిచేలోగా ఆమె కత్తి అందుకుని అచ్చులో పన్ను రెండు మూలలా చిగురు దగ్గర గోరంత గీకింది. పట్టకారుతో కొత్త తీగె వంచి, కొక్కేన్ని ఆ సందుల్లోకి దించింది. అది టక్కుమని బిగుసుకుంది.

మేస్త్రి అచ్చును తలకిందులు చేసి దులిపాడు. ఆ ల్యాబులో పరీక్ష అదే. కొక్కెం ఊడలేదు. అరచేతికేసి కొట్టాడు. ఊహూఁ. గోటితో లాగి గోరు విరగ్గొట్టుకున్నాడు.

తర్వాత తన సొరుగు తాళం తీసి, ఇలాగే వెనక్కొస్తే ఇన్నాళ్లూ ఎవరి కంటా పడకుండా దాచిన అచ్చులు ఐదింటిని ఆమె బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఇవీ పొట్టిపళ్లే," అన్నాడు. "ఎక్కడ గీకాలో చూపించమ్మా."